ట్రాక్ మీద మన పిల్లలు, ప్రెస్ బాక్సులో ఎవరు?

2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల హెప్టాథ్లాన్ ముగిసింది. రెండు రోజుల్లో ఏడు ఈవెంట్లు. అగసర నందిని 5712 పాయింట్లతో కాంస్యం గెలిచారు. నాలుగో స్థానంలో ఆగిన స్వప్నా బర్మన్‌కు 5708. చాయ్ అమ్ముకునే తండ్రి బిడ్డ, తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని ఆసియా పతకం తెచ్చిన రోజది. ఆ వెంటనే వార్త మారిపోయింది. ఒక ట్రాన్స్‌జెండర్ వల్ల తన కాంస్యం పోయిందని స్వప్న సోషల్ మీడియాలో రాశారు. పేరు చెప్పకపోయినా ఎవరి గురించో అందరికీ అర్థమైంది. ఆధారం ఏదీ చూపలేదు, తర్వాత ఆ పోస్టు తీసేశారు. అప్పటికే అది దేశమంతా శీర్షికలకెక్కింది.

ఆ నాలుగు పాయింట్ల సంగతి ఎంతమంది రాశారు? హెప్టాథ్లాన్ పాయింట్ల పట్టిక ప్రకారం లెక్కేస్తే, చివరి ఈవెంటైన 800 మీటర్ల పరుగులో నాలుగు పాయింట్లంటే సెకనులో మూడో వంతు కూడా కాదు. రెండు రోజులు పరిగెత్తి, దూకి, విసిరాక పతకానికీ ఖాళీ చేతులకూ మధ్య మిగిలిన తేడా అంతే. క్రీడా విలేకరి చెప్పాల్సిన కథ అది. స్వప్న కూడా రిక్షా తొక్కిన తండ్రి కూతురే. ఇద్దరు పేదింటి అమ్మాయిల మధ్య తగాదాగా దాన్ని అమ్ముకోవడం తేలిక, పాయింట్ల పట్టిక తెరవడం కష్టం.

2021 టోక్యో ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికా మీద హ్యాట్రిక్ కొట్టి, ఆ ఘనత సాధించిన తొలి భారత మహిళ అయ్యారు వందనా కటారియా. నాలుగు రోజులకు అర్జెంటీనా చేతిలో జట్టు సెమీఫైనల్ ఓడింది. హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు కొందరు టపాసులు కాల్చి, జట్టులో దళితులు ఎక్కువయ్యారు కాబట్టే ఓడిందని కులం పేరుతో దూషించారని కుటుంబం ఫిర్యాదు చేసింది. మనం చదివింది చాలావరకు పోలీసు కేసుగానే. భారత హాకీ జట్టులోకి ఎవరు వస్తారు, ఏ దారిలో వస్తారు, ఎవరు మధ్యలో రాలిపోతారు అన్న ప్రశ్న క్రీడా పేజీదే. ఆ పేజీ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఎందుకంటే ఆ ప్రశ్న తట్టే మనుషులు ఆ డెస్కుల్లో తక్కువ. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో 121 నాయకత్వ స్థానాలు చూస్తే 106 అగ్రకులాల చేతిలో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు సున్నా. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్‌ల నుంచి నందిని దాకా మన గురుకులాలు క్రీడాకారుల్ని తయారు చేశాయి. వాళ్ల గురించి రాసేవాళ్లను తయారు చేసే దారి మాత్రం పడలేదు.

క్రీడా జర్నలిజంలోకి రావాలనుకునే విద్యార్థికి మేం చెప్పేది సూటిగా ఉంటుంది. క్రికెట్ దగ్గర మొదలుపెట్టొద్దు. అక్కడ రాసేవాళ్లకు కొదవ లేదు. జిల్లా అథ్లెటిక్ మీట్లకు, స్కూల్ గేమ్స్‌కు, కబడ్డీ, ఖోఖో టోర్నీలకు వెళ్లండి. అక్కడ విలేకరి ఉండడు. ఫలితాలు టైమింగుతో సహా, పేర్లు తప్పు లేకుండా ఆ రాత్రే రాయండి. రూల్ బుక్ చదవండి. హాస్టల్‌లో క్రీడాకారులకు మంజూరైన డైట్ డబ్బు ఎంత, ఖర్చయింది ఎంత అని సమాచార హక్కు కింద అడగండి. ఆ కాగితంలోంచి వచ్చే వార్తను ఏ ఏజెన్సీ కాపీ ఇవ్వలేదు. ఇంగ్లిష్ కూడా నేర్చుకోండి, సాహిత్యం కోసం కాదు, ప్రెస్ మీట్‌లో రెండు ప్రశ్నలు తడబడకుండా అడగడానికి.

ఏ తలుపు తట్టాలన్నది అసలు చిక్కు. మండల విలేకరిగా చేరితే జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ పెట్రోలుకు చాలదు. పైగా ప్రకటనల టార్గెట్. ఉగాదికి, పంద్రాగస్టుకు, ఎమ్మెల్యే పుట్టినరోజుకు యాడ్ తేవాలి. షాపుల వాళ్లతో, కాంట్రాక్టర్లతో చుట్టరికం ఉన్నవాడికి అది ఒక ఫోన్ కాల్. వాడ నుంచి వచ్చిన కుర్రాడికి అది గోడ. అందుకే పత్రికలు సొంతంగా నడిపే జర్నలిజం స్కూళ్లు నయం అంటాం. రాత పరీక్ష ఉంటుంది, శిక్షణలో స్టైపెండ్ వస్తుంది. ఐఐఎంసీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి ప్రభుత్వ సంస్థల్లో రిజర్వేషన్ ఉంది. కానీ ఆ రిజర్వేషన్ సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజుతో సరి. ప్రైవేటు న్యూస్‌రూమ్ గుమ్మం అది దాటదు.

లోపలికి వెళ్లాక నైట్ షిఫ్టులో ఏజెన్సీ కాపీ తెలుగు చేయడం. అది మంచి బడే, భాష చేతికి వస్తుంది. చాలామంది మనవాళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోవడమే బాధ. లేదంటే 'నీకు ఆ విషయాలు తెలుసు కదా' అని సంక్షేమ హాస్టళ్లు, అట్రాసిటీ కేసుల వైపు పంపుతారు. ఆ వార్తలు మనకు ముఖ్యమే, కానీ ఆఫ్‌సైడ్ గురించి, రిలేలో బ్యాటన్ మార్పిడి గురించి రాయడం ఎవరి సొత్తూ కాదు.

ఈ పద్ధతి కొత్తది కాదు. పల్వంకర్ బాలూ పుణెలో క్లబ్ మైదానం పనివాడిగా ఉంటూ ఇంగ్లిష్ దొరలకు నెట్స్‌లో బంతులు వేశారు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశారు. హిందూ జట్టు ఆయన బౌలింగ్‌ను వాడుకుంది, టీ మాత్రం విడిగా మట్టి ముంతలో పోసింది. కెప్టెన్సీ ఆయనకు దక్కనే లేదు. తమ్ముడు విఠల్‌కు 1923లో దక్కింది. మన విలేకరి వార్త కావాలి, బైలైన్ కూడా ఇస్తారు. ఎవరిని టూర్‌కు పంపాలో తేల్చే కుర్చీ దగ్గరికి వచ్చేసరికి బాలూ కథే.

ఆ కుర్చీ చిన్నదేం కాదు. ఒలింపిక్స్ మీడియా అక్రిడిటేషన్లు జాతీయ ఒలింపిక్ కమిటీల ద్వారా, పరిమిత కోటాలో వస్తాయి. ఆఫీసు పేరు పంపితేనే ఆ వరసలో నిలబడేది. ఒక్క పెద్ద టోర్నీ చూసినవాడికే రెండో దానికి అర్హత. అమెరికాలో సంపాదకుల సంఘం న్యూస్‌రూముల్లో నల్లజాతివారు, ఇతర మైనారిటీలు ఎందరున్నారో 1978 నుంచి లెక్క తీయడం మొదలుపెట్టింది. మన యాజమాన్యాలు సొంతంగా అలాంటి లెక్క ప్రకటించిన పాపాన పోలేదు.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో. ఇవాళ డిగ్రీలో ఉన్న గురుకుల విద్యార్థి అప్పటికి విలేకరి అయి ఉండొచ్చు. అక్రిడిటేషన్ జాబితాలు క్రీడలకు చాలా ముందే కడతారు. విద్యార్థి సంఘాలు యూనివర్సిటీ గేట్ల దగ్గర అడిగే ప్రశ్నల్లో ఇదొకటి చేర్చాలని మేం కోరుతున్నాం: తెలుగు పత్రికలు, చానళ్లు అహ్మదాబాద్‌కు పంపబోయే జాబితాలో మనవాళ్ల పేర్లు ఎన్ని?