వాణిజ్య సాహసము - రాజ్యనీతి

భారతీయులకు వాణిజ్య సాహసము లేదనియు, నౌకరి దొరకిన చాలునని తృప్తిపడువారనియు నొక యపవాదు చిరకాలముగ వినవచ్చుచున్నది. పరపాలన దినములలో ఈ మాట ఆంగ్లేయులు పలికిరి. వారు పోయిన పిదప మనవారే పలుకుచున్నారు. సాహసము రక్తమున పుట్టునదియా, శాసనముల నీడలో పెరుగునదియా? సముద్రవర్తక చరిత్ర ఈ ప్రశ్నకు స్పష్టముగ సమాధానము చెప్పుచున్నది.

1870 ప్రాంతమున జపాను రేవులలో పరదేశీయుల ఓడలదే పెత్తనము. ఇవాసాకి యతారో యను వర్తకుడు మిత్సుబిషి సంస్థను స్థాపించి వారితో పోటీకి దిగగా, 1875లో ప్రభుత్వ మాతనికి ఓడల నొసగి, ఏటేట ధనసహాయము చేసెను. షాంఘై మార్గమునుండి అమెరికా కంపెనీయు, పిదప ఆంగ్లేయుల పి. అండ్ ఓ. కంపెనీయు తప్పుకొనవలసి వచ్చెను. అయితే సహాయము పొందిన సంస్థ గుత్తాధిపత్యమునకు దిగినపుడు ప్రభుత్వ మూరకుండలేదు; 1882లో దానికి పోటీగ మరియొక సంస్థను నిలిపెను. 1885లో రెండును కలిసి నిప్పన్ యూసెన్ కైషా యయ్యెను.

1893లో మన జంషెడ్జీ టాటా ఆ జపాను సంస్థతోనే చేతులు కలిపి, బొంబాయినుండి తూర్పు దేశములకు ఓడలు నడిపెను. పి. అండ్ ఓ. వారు కిరాయిలను నేలకు దించిరి. జపాను కంపెనీకి ఆ దేశ ప్రభుత్వము వెన్ను గాచెను. 1896లో నౌకాయానమునకును, నౌకానిర్మాణమునకును ప్రోత్సాహ శాసనములు చేసెను. మనల నేలిన ప్రభుత్వమో, ఊరక చూచుచుండెను. టాటా ఓడలు ఆగిపోయెను. జపాను ఓడలు నిలిచెను. సముద్ర మొకటే, ప్రత్యర్థి యొకడే. వేరయినది ప్రభుత్వ మొక్కటే.

తూత్తుకుడిలో 1906లో స్వదేశీ నౌకాసంఘము స్థాపించిన వి. ఓ. చిదంబరం పిళ్ళెకు 1908లో దక్కిన బహుమానము చెరసాల. తీరవర్తకమును దేశీయ నౌకలకే కేటాయింపవలెనని 1928లో సారాభాయి హాజీ తెచ్చిన బిల్లు చట్టము కానేలేదు. ఇట్టి పాలనలో సాహసము లేదని ప్రజలను నిందించుట, కాళ్లు కట్టివేసి పరుగెత్తలేవని ఎగతాళి చేయుటయే.

అయినను స్వరాజ్యము వచ్చినంతమాత్రమున సర్వము సిద్ధించునా? విశాఖపట్టణమున వాల్‌చంద్ హీరాచంద్ తలపెట్టిన నౌకానిర్మాణశాలకు 1941లో బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిరి. 1948లో 'జల ఉష' నీట దిగెను. అప్పటికి కొరియాలోని ఉల్సాన్ తీరమున నౌకానిర్మాణశాల జాడయే లేదు. హ్యుండాయ్ వారు అచట పని ప్రారంభించినది 1972లో. నేడు ఉల్సాన్ ప్రపంచమునందలి మిక్కిలి పెద్ద నౌకానిర్మాణశాలలలో నొకటి. మన విశాఖ యెంతో వెనుకబడినది.

కారణ మేమి? కొరియా ప్రభుత్వము ఋణములకు పూచీ నిలిచెను. కాని ఎగుమతి చేసి చూపుడని నిర్బంధించెను. మనవారు 1952లో విశాఖ శాలను ప్రభుత్వపు చేతిలోనికి తీసికొనిరి గాని, విదేశీ నౌకాకారులతో పోటీపడి నెగ్గుడని గడువు పెట్టలేదు. ఇతర పరిశ్రమలకు 1951 నాటి చట్టము లైసెన్సుల సంకెల తగిలించెను. 1991 వరకు ఏమి చేయవలెనన్నను, ఎంత చేయవలెనన్నను ఢిల్లీ యనుమతికై వేచియుండవలసి వచ్చెను. పరప్రభుత్వ ముపేక్షచే చెరచినదానిని, స్వప్రభుత్వము అతిజాగ్రత్తచే ఎదుగనీయలేదు.

2025లో కేంద్రప్రభుత్వము నౌకానిర్మాణాదులకై 69,725 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. ఇది హర్షణీయమే. కాని ధనమిచ్చుట సగము పని. ఫలిత మడుగుట తక్కిన సగము. సహాయమునకు గడువుండవలెను. ఎవరి కెంత ముట్టినదో, వారెన్ని ఓడలు కట్టిరో ఏటేట ప్రజలకు తెలుపవలెను. పెద్దలకే గాక క్రొత్తగ రంగమున దిగువారికిని ద్వారము తెరచియుండవలెను.

అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. ఈ లెక్కలను తమ ప్రతినిధుల నడుగుట పౌరుల హక్కు మాత్రమే కాదు, విధి.