కంప్యూటర్ కూర్పులో ఔచిత్యం

ప్రాచీన కావ్యాలు బోధించే తెలుగు అధ్యాపకునికి కంప్యూటర్ విడిభాగాలతో ఏం పని అని విద్యార్థులు సందేహించవచ్చు. పని ఉన్నది. పదకొండవ శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు 'ఔచిత్య విచార చర్చ' అనే గ్రంథంలో కావ్యానికి ప్రాణం ఔచిత్యమని ప్రతిపాదించాడు. ఎంత విలువైన నగ అయినా తగిన చోట అమరకపోతే నవ్వులపాలు కాక తప్పదన్నది ఆయన వాదం. పాతికేళ్లకు పైగా తరగతి గదిలో నేను చెబుతూ వచ్చిన ఈ మాట, పరిమితమైన డబ్బుతో ఇంట్లోనే ఒక కంప్యూటర్‌ను కూర్చుకొనే పనికి ఎంతగా వర్తిస్తుందో 2023 వేసవిలో గాని నాకు పూర్తిగా తెలిసిరాలేదు.

ఆ వేసవిలో మా తమ్ముని కుమారుడు ఒక కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అప్పటికి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఉన్నాడు. ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని, చిన్న చిన్న వీడియోలు తయారు చేయాలని, తీరిక వేళల్లో ఆటలు ఆడుకోవాలని వాని కోరిక. మా మరదలు కొంత నష్టానికే చిట్టీ పాడుకొని నలభై వేల రూపాయలు తెచ్చి ఇచ్చింది. ఆ డబ్బుకు ఏమేమి వస్తాయో పరిచయమున్న ఒక దుకాణదారు రాసి ఇచ్చిన జాబితా ఆ కాగితం. "ఒకసారి చూడండి పెదనాన్నా, రేపే డబ్బు కట్టేస్తాను" అన్నాడు.

పైపైన చూస్తే జాబితా ఘనంగానే ఉన్నది. పేరున్న ప్రాసెసర్, విడిగా గ్రాఫిక్స్ కార్డు, రంగురంగుల దీపాలు వెలిగే అద్దాల కేబినెట్. చదివిన కొద్దీ పొందిక లోపించినట్లు కనిపించింది. అందులోని ఇంటెల్ ప్రాసెసర్ సంఖ్య చివర 'ఎఫ్' అనే అక్షరం ఉన్నది. ఆ అక్షరమున్న ప్రాసెసర్లలో తెరపై బొమ్మను చూపే గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. కాబట్టి వేరే కార్డు కొనక తప్పదు. ఆ లోటు తీర్చడానికి దుకాణదారు చేర్చినది 2014లో విపణికి వచ్చిన జీటీ 730 కార్డు. తొమ్మిదేళ్ల నాటి ఆ కార్డు తెరపై బొమ్మను చూపగలదు గాని, మావాడు ఆడదలచుకొన్న కొత్త ఆటలకు చాలదు. ర్యామ్ 8 జీబీ, అదీ ఒకే పలక. నిల్వకు పాత పద్ధతి హార్డ్ డిస్క్. చిట్టచివరి పంక్తిలో 'ఎస్‌ఎంపీఎస్ - కేబినెట్‌తో ఉచితం' అని ఉన్నది. నా చూపు అక్కడే ఆగిపోయింది.

కారణం చెప్పాలంటే 2004 నాటి సంగతి చెప్పాలి. నా పరిశోధన సిద్ధాంత గ్రంథం కోసం అప్పట్లో ఒక కంప్యూటర్ కొన్నాను. దానిలోనూ ఎస్‌ఎంపీఎస్ కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చినదే. తాళపత్ర ప్రతులు చూసి ఆరు నెలల పాటు సేకరించిన పాఠాంతరాలను అందులో ఎక్కించాను. మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు రెండు మూడుసార్లు పోయి వచ్చింది. పెట్టె వెనుక నుండి కమురు వాసన, ఆ తరువాత సన్నని పొగ. ఎస్‌ఎంపీఎస్ కాలిపోతూ మదర్‌బోర్డునూ, హార్డ్ డిస్క్‌నూ వెంట తీసుకుపోయింది. రెండు అధ్యాయాలు మాత్రమే ఫ్లాపీలలో మిగిలాయి. తక్కినవి మళ్లీ ప్రతుల ముందు కూర్చొని రాసుకొన్నాను. నకలు తీసి ఉంచుకోకపోవడం నా తప్పే. అయినా ఉచితమన్న మాట వినబడినప్పుడల్లా ఆ వాసన ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

గోడలోని 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి అన్ని భాగాలకూ అందించే పెట్టె ఎస్‌ఎంపీఎస్. అది కంటికి కనబడదు, స్నేహితులకు చూపడానికి పనికిరాదు. అందుకే తక్కువ డబ్బున్నవారు ముందుగా కోత పెట్టేది దాని మీదనే. నా అభిప్రాయం ఇందుకు పూర్తిగా విరుద్ధం. డబ్బు తక్కువైన కొద్దీ ఈ భాగం విషయంలో మరింత పట్టుదలగా ఉండాలి. కాలిపోతే రెండోసారి కొనే శక్తి లేనివాడే కదా చౌక కంప్యూటర్ కొనేది!

పెట్టె మీద పెద్ద అక్షరాలతో '450 వాట్లు' అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మనక్కరలేదు. పక్కన అతికించిన పట్టికలో 12 వోల్టుల గడిని చూడాలి. నేటి కంప్యూటర్లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా వాడుకొనేది ఆ విద్యుత్తునే. అక్కడ 30 ఆంపియర్లు అని ఉంటే 360 వాట్లు అందుతాయని అర్థం. 15 ఆంపియర్లే ఉంటే అందేది 180 వాట్లు మాత్రమే. 2004లో మొదలైన '80 ప్లస్' గుర్తు కూడా ఉండడం మేలు. అది లోపలికి తీసుకొన్న విద్యుత్తులో ఎంత భాగం వృథా కాకుండా బయటికి వస్తుందో చెప్పే గుర్తు మాత్రమే. రక్షణకు హామీ కాదు. హెచ్చు వోల్టేజి నుండి, షార్ట్ సర్క్యూట్ నుండి కాపాడే ఏర్పాట్లు ఉన్నాయో లేవో వేరుగా చదివి తెలుసుకోవాలి. ఇంత చేసి, భూమితీగ లేని ప్లగ్గు సాకెట్‌కు తగిలిస్తే ప్రయోజనం కొంత పోతుంది. మన ఇళ్లలో మూడు కన్నాల సాకెట్‌కు లోపల రెండు తీగలే ఉండడం అరుదేమీ కాదు.

మరునాడు మేమిద్దరం సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాము. ఒకే భవనంలో కంప్యూటర్ దుకాణాలు వరుసగా ఉండే చోటు అది. జాబితాను మొదటి నుండి మళ్లీ రాసుకొన్నాము. ప్రాసెసర్‌గా 2021లో వచ్చిన ఏఎండీ రైజెన్ 5 5600జీ ఎంచుకొన్నాము. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్ల తరగతి. అన్నిటికంటె ముఖ్యం, గ్రాఫిక్స్ భాగం అందులోనే ఉన్నది, అదీ ఆ పాత కార్డు కంటె శక్తిమంతమైనది. కార్డు ఖర్చు పూర్తిగా మిగిలింది. ఆ మిగిలిన డబ్బుతోనే 8 జీబీ ర్యామ్ పలకలు రెండు వచ్చాయి. 16 జీబీ పలక ఒక్కటి వేసినా పరిమాణం అంతే గదా అని మావాడు అడిగాడు. పరిమాణం అంతే గాని, రెండు పలకలున్నప్పుడు సమాచారం రెండు దారుల్లో సాగుతుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగానికి సొంత మెమొరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకొంటుంది. కనుక ఆటల్లో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

మదర్‌బోర్డు దగ్గర ఒక మెలిక ఉన్నది. బోర్డులోని సాకెట్ ప్రాసెసర్‌కు సరిపోతే చాలదు. బోర్డు ముందు తయారై, ప్రాసెసర్ తరువాత వచ్చినదైతే, బోర్డులోని బయోస్‌ను నవీకరించనిదే అది ఆ ప్రాసెసర్‌ను గుర్తించకపోవచ్చు. 2018 నాటి బీ450 బోర్డులలో ఈ చిక్కు ఉన్నది. బిల్లు రాయించుకొనే ముందే అడిగి, దుకాణంలోనే నవీకరింపజేసుకోవాలి. అట్లే డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్ పలకలకు 288 చొప్పున కాళ్లున్నా, గాడి ఉండే చోటు వేరు. ఒకదాని బోర్డులో మరొకటి ఇమడదు. బలవంతంగా నొక్కితే రెండూ చెడతాయి.

నిల్వకు 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ తీసుకొన్నాము. హార్డ్ డిస్క్‌తో అంత డబ్బుకు రెట్టింపు చోటు వచ్చేది. కాని కంప్యూటర్ మందకొడిగా ఉన్నదని మనం విసుక్కొనే సందర్భాల్లో చాలా వాటికి కారణం ప్రాసెసర్ కాదు, లోపల తిరుగుతున్న ఆ పళ్లెమే. కేబినెట్ గాలి ఆడే సాదాది. అద్దాలూ దీపాలూ లేకపోవడం మావానికి కొంత కష్టమనిపించింది. నేను ఓదార్చలేదు. కీబోర్డు, మౌస్ మా ఇంట్లో ఉన్నవే ఇచ్చాను. మానిటర్‌ను మాత్రం కొత్తది కొన్నాము. గంటల తరబడి కళ్లు నిలిపి చూసే వస్తువు అది. అన్ని భాగాలకూ క్రమ సంఖ్యలతో సహా బిల్లు తీసుకొన్నాము. వారంటీ ఒక్కో భాగానికి ఒక్కో విధంగా ఉంటుంది గనుక బిల్లు లేనివాని మాట ఎక్కడా చెల్లదు.

ఇదే జాబితాను విద్యార్థులు యథాతథంగా పాటించాలని నా ఉద్దేశం కాదు. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. 2023లో తేలికగా కొన్న రెండు పలకలు ఆనాటి లెక్కలో ఇమిడేవి కావు. అటువంటప్పుడు ఒక పలకతో మొదలుపెట్టి రెండో గడిని ఖాళీగా ఉంచుకోవడంలో తప్పు లేదు. భారీ ఆటలే ప్రధానమైనవానికి మంచి గ్రాఫిక్స్ కార్డు నిజంగానే అవసరం. వసతి గృహాల్లో ఉండేవారికి ల్యాప్‌టాప్ తప్ప గత్యంతరం లేదు. కార్యాలయాలు వదిలించుకొన్న పాత కంప్యూటర్లు చౌకగా దొరుకుతున్నాయని కొందరు కొంటారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఆమోదించే ఇంటెల్ ప్రాసెసర్లు సాధారణంగా ఎనిమిదవ తరం నుండి మొదలవుతాయి. లైనక్స్ వాడుకొనేవారికి ఈ చిక్కు లేదు.

ఇంటికి వచ్చి భాగాలు బిగించేసరికి రాత్రి పది దాటింది. మీట నొక్కితే పంకా తిరిగింది గాని తెర మీద ఏమీ రాలేదు. మావాని ముఖం పాలిపోయింది. వాళ్ల అమ్మ ఒక్క మాట కూడా అనకుండా గుమ్మంలో నిలబడి చూస్తున్నది. అన్ని తీగలూ ఒక్కొక్కటిగా తడిమి చూస్తే, ప్రాసెసర్‌కు విద్యుత్తు అందించే ఎనిమిది కాళ్ల తీగ తగిలించనే లేదు. తగిలించగానే తెర వెలిగింది.

ఇటీవల వాడు ఫోన్ చేశాడు. వీడియోలు తయారు చేసి ఇచ్చి కొంత సంపాదించాడట, గ్రాఫిక్స్ కార్డు కొనుక్కొంటానన్నాడు. ఏ కార్డు అని నేను అడగబోయే లోపలే, "పెదనాన్నా, ముందు మన ఎస్‌ఎంపీఎస్ దానికి చాలుతుందో లేదో చూడాలి, పన్నెండు వోల్టుల గడి ఫోటో పంపిస్తున్నాను" అన్నాడు.