కలవని వరుసలో ఉన్నది మన రైతే

ఈ మధ్య రైతు సేవా కేంద్రానికి వెళ్లినవారు చాలామంది ఒకే మాట విని తిరిగొస్తున్నారు: ‘మీ రికార్డు మ్యాచ్ కాలేదు.’ ఏది దేనితో మ్యాచ్ కాలేదో చెప్పేవారు లేరు. అందుకే ఈ కలపడం అంటే ఏమిటో మనమే తెలుసుకోవాలని కూర్చున్నాం.

మన వివరాలు ఒకచోట లేవు. భూమి వెబ్‌ల్యాండ్‌లో, పంట ఈ-క్రాప్‌లో, మనిషి ఆధార్‌లో, డబ్బు బ్యాంకులో ఉన్నాయి. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. రైతుకు ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, ఇలాంటి వివరాలన్నీ దానికి ముడిపెట్టడం అందులో ముఖ్యమైన పని. జాబితాలు కలపడాన్ని మేము వ్యతిరేకించడం లేదు. ఒకే పాసు పుస్తకం పట్టుకుని నాలుగు ఆఫీసులు తిరిగే బాధ తప్పితే మంచిదే. మా పేచీ కలిపే పద్ధతితోనే.

సంఘం పని కోసం మా సభ్యత్వ పుస్తకాన్ని, పంట నమోదు జాబితాను కలపాలని చూశాం. కోడు రాయడం రాకపోయినా తెర మీద పెట్టెలు జరుపుకుంటూ యాప్ చేసుకునే వేదికలు ఇప్పుడు ఉన్నాయి. కంప్యూటర్ చదివిన ఒక సభ్యుడి కొడుకు ఒక్క పూటలో చేసి పెట్టాడు. తీరా చూస్తే కొందరు సభ్యులు జాబితాలోనే లేరు! ఎందుకో అతనే విడమరిచి చెప్పాడు.

కలపడానికి రెండు దారులున్నాయి. రెండు జాబితాల్లోనూ ఉన్నవారిని మాత్రమే ఉంచడం ఒకటి. మన జాబితాలోని అందరినీ ఉంచి, అవతల దొరకని చోట ఖాళీ చూపడం రెండోది. వందమందిలో 90 మందికి లెక్క కుదిరిందనుకుందాం. మొదటి దారిలో 90 మందే కనిపిస్తారు, పదిమంది జాడే ఉండదు. రెండో దారిలో వందమందీ ఉంటారు, పదిమంది ఎదురుగా ఖాళీ ఉంటుంది. ఖాళీ కనిపిస్తే కారణం అడగొచ్చు. మనిషే కనిపించకపోతే అడిగేదెవరు?

ఇంకో చిక్కు. ఒక రైతుకు మూడు చోట్ల మూడు ముక్కలు ఉంటే, మొదట దొరికిన ముక్కను మాత్రమే తెచ్చి చూపే సూత్రాలు ఈ వేదికల్లో ఉన్నాయి. మిగతా రెండు ముక్కలు లెక్కలోకి రావు. పవర్ యాప్స్ అనే వేదికలో కొన్ని రకాల వెతుకులాటకు మొదటి 500 వరుసలే చూస్తుంది, పరిమితి పెంచుకున్నా 2,000 దాటదు. ఆ సంగతి తెలియనివాడు చేసిన యాప్‌లో 2,001వ రైతు లేనట్టే.

అసలు ఏ ఆనవాలుతో కలుపుతున్నారన్నది మరో ప్రశ్న. పాసు పుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం నంబరు వచ్చింది. పాత కాగితం ఒక నంబరు, కొత్త కాగితం ఇంకో నంబరు చెబుతుంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టు కలిపి, తప్పు రైతుదంటే ఎలా?

వీటన్నిటికంటే పెద్ద అన్యాయం కౌలు రైతుకు జరుగుతోంది. భూమి జాబితాలో అతని పేరే ఉండదు. 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కు పత్రం రావాలంటే యజమాని ఒప్పుకోవాలి, వచ్చినా 11 నెలలే చెల్లుతుంది. పీఎం కిసాన్ సొంత భూమి ఉన్న కుటుంబాలకే. పాసు పుస్తకాన్ని మూలంగా పెట్టుకుని ఎన్ని జాబితాలు కలిపినా, దున్నేవాడు వాటిలోకి రాడు.

అందుకే మా డిమాండ్లు ఇవి. ఒకటి, మ్యాచ్ కాని రైతును జాబితా నుంచి తీసెయ్యకూడదు. కారణంతో సహా ఆ పేర్లను గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. రెండు, సవరణ అర్జీకి రసీదు, గడువు ఉండాలి. ఆ గడువులోగా తేల్చకపోతే సాయం ఆపకూడదు. మూడు, కలిపిన జాబితాను గ్రామసభలో చదివి వినిపించాకే ఖరారు చెయ్యాలి. నాలుగు, యజమాని సంతకంతో పని లేకుండా, చేలో ఉన్న పంటను చూసి కౌలు రైతును నమోదు చెయ్యాలి.

సభ్యులకు ఒక మనవి. ‘మ్యాచ్ కాలేదు’ అంటే వెనక్కి తిరిగి రావొద్దు. ఏ జాబితాలో, ఏ గడిలో తేడా ఉందో కాగితం మీద రాసిమ్మని అడగండి. ఆ కాగితాలు సంఘానికి తెచ్చివ్వండి. ఒక్కడు అడిగితే అది అతని పేరులో తప్పు అంటారు. ఊరంతా కాగితాలు పట్టుకుని వెళితే తప్పు ఎక్కడుందో వాళ్లే వెతుకుతారు.