రుజువు తేవడం తల్లిదండ్రుల పని కాదు

పిల్లల కోచ్ మందు కొట్టి వస్తున్నాడని అనుమానం రాగానే మా మారేడ్‌పల్లిలో నలుగురు తల్లిదండ్రులు కలిస్తే మొదట వినబడే మాట: "రుజువు లేకుండా ఎలా అంటాం?" వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పిల్లలకు ఇంతకంటే చేటు చేసే మాట లేదంటాను.

2024లో ఏం జరిగిందో గుర్తుందా? హైదరాబాద్ మహిళా క్రికెట్ జట్టు విజయవాడ నుంచి బస్సులో తిరిగొస్తుండగా హెడ్ కోచ్ మద్యం తాగారన్న ఆరోపణ వచ్చింది. ఫిబ్రవరి 15న హైదరాబాద్ క్రికెట్ సంఘానికి పేరు లేని ఈ-మెయిల్ అందింది, వీడియోలు టీవీలకెక్కాయి, మర్నాడే విచారణ తేలేదాకా ఆయన్ని సస్పెండ్ చేశారు. ఆయన తప్పెంతో తేల్చడం విచారణ పని. నన్ను కలచివేసింది ఇంకొకటి. సాక్షాత్తూ రాష్ట్ర జట్టు సంగతే, ఎవరో పేరు దాచుకుని వీడియోలు పంపితే తప్ప కదల్లేదు. ఇక సమ్మర్ క్యాంపుకి వచ్చే పదేళ్ల పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? సెలక్షన్స్‌కి ఎవరిని పంపాలో చెప్పేది ఆ సారే.

రుజువు దొరికేదాకా ఆగుదామంటే నెలలు గడుస్తాయి. ఈలోగా గేటు దగ్గర గుసగుసలు సాగుతాయి, ఆ తర్వాత ఎవరో ఫోన్‌లో తీసి వాట్సాప్‌లో వదులుతారు. అటు పిల్లలకూ రక్షణ లేదు, ఇటు ఆ మనిషికీ న్యాయం లేదు.

అసలు తేల్చాల్సింది తాగాడా లేదా అని కాదు. షుగర్ బాగా పడిపోయిన మనిషికీ మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది. బాగా పెరిగి వికటిస్తే నోటి నుంచి వింత వాసనా రావచ్చు. కారణం మందైనా జబ్బైనా ఆ పూట ఆయన పిల్లల్ని ఈతకొలనులోకి దించే స్థితిలో లేడు, అంతే. జబ్బయితే డాక్టరు అవసరం ఇంకా ఎక్కువ. అందుకే ఆ క్షణమే పిల్లల్ని పక్కకు తీసుకుని, బాధ్యుల్ని పిలవాలి. ఆ స్థితిలో వ్యాన్ నడపబోతే 112కి ఫోన్ చేయాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరమని మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ చెబుతోంది. కొలవడానికి పోలీసుల దగ్గర యంత్రం ఉంది, మన ముక్కుతో తీర్పు చెప్పనక్కర్లేదు.

"పాపం, అతని ఉపాధి పోతుంది" అంటారు. ఆ భయం నాకూ ఉంది. అందుకే గ్రూపులో పెట్టొద్దు, పిల్లల చేత వీడియోలు తీయించొద్దు అంటున్నాను. చూసిన రోజు, వేళ, చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టి, సంతకం చేసి, అకాడమీ బాధ్యుడికివ్వండి. "తాగుబోతు" అని రాయకండి. "ఆరు గంటలకు మాట తడబడింది" అని రాయండి. దానికి జవాబు చెప్పుకునే వీలు ఆయనకుంటుంది, గుసగుసకు ఎవరూ జవాబు చెప్పలేరు.

చాలాచోట్ల కోచే యజమాని, ఫిర్యాదు తీసుకునేదీ ఆయనే. అలాంటప్పుడు మైదానం అద్దెకిచ్చిన బడికి గానీ ఆ ఆట సంఘానికి గానీ రాయాలి. చేర్పించే రోజే కోచ్ కాని మరో బాధ్యుడి పేరు, ఫోన్ నంబరు రాతపూర్వకంగా అడగండి. అది ఇవ్వని చోట ఫీజు కట్టకండి.