చేతులు మారిన కారు.. మారని పేరు
పాత కార్ల అమ్మకాల్లో యాజమాన్య బదిలీపై నిర్లక్ష్యం
పథకాలు కోల్పోయి, కోర్టుల చుట్టూ తిరుగుతున్న మాజీ యజమానులు

నందిగామ: కంచికచర్ల మండలంలోని ఒక గ్రామానికి చెందిన కౌలు రైతు 2021లో తన పాత ఆల్టో కారును మధ్యవర్తి ద్వారా రూ.1.05 లక్షలకు విక్రయించారు. 2012లో రిజిస్టరైన ఆ బండికి ఏపీ 16 సిరీస్ నంబరు ఉంది. టీ దుకాణం బల్లపై రెండు ఫారాల మీద సంతకాలు చేసి, సి-బుక్కు, తాళాలు అప్పగించి, డబ్బు లెక్కపెట్టుకొని ఇంటికి వచ్చారు. కారు సంగతి అంతటితో మరచిపోయారు. 2025 జూన్‌లో ‘తల్లికి వందనం’ నిధులు విడుదలైనప్పుడు ఆయన భార్య పేరు అర్హుల జాబితాలో కనిపించలేదు. సచివాలయానికి వెళ్లి విచారించగా, కుటుంబానికి నాలుగు చక్రాల వాహనం ఉన్నట్లు కంప్యూటరు చూపుతోందని సిబ్బంది తెలిపారు. చదువుకుంటున్న పిల్లలు ఇద్దరు. పాఠశాల నిర్వహణకు మినహాయించే రూ.2 వేలు పోగా ఒక్కొక్కరికి రూ.13 వేల చొప్పున తల్లి ఖాతాలో పడవలసిన రూ.26 వేలు ఆగిపోయాయి. నాలుగేళ్ల క్రితమే అమ్మేసిన కారు రవాణా శాఖ రికార్డుల్లో నేటికీ ఆ రైతు గుమ్మం ముందే నిలబడి ఉంది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు ప్రాంతాల్లో పాత కార్ల వాడకం పెరిగిన కొద్దీ ఇటువంటి ఫిర్యాదులు సచివాలయాలకు తరచుగా వస్తున్నాయి. మిర్చికి, పత్తికి ధర పలికిన ఏడాది కారు కొనడం, ధర పడిపోయిన ఏడాది దానిని తెగనమ్మడం ఈ ప్రాంతంలో పరిపాటి. 2025లో మిర్చి రైతు నష్టపోయినప్పుడు అమ్మకానికి వచ్చిన బండ్లు తక్కువేమీ కావు. అమ్మేవారికి డబ్బు తొందర, కొనేవారికి బండి తొందర. ఈ రెండింటి మధ్య కాగితం పని ఎవరికీ పట్టడం లేదు.

ఎందుకు మార్చరు?

చట్టంలో సందిగ్ధత లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మిన వాహనం వివరాలను విక్రేత 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. కొనుగోలుదారు 30 రోజుల్లో తన పేరిట బదిలీకి దరఖాస్తు చేసుకోవాలి. మొదటిదానికి ఫారం 29, రెండోదానికి ఫారం 30. ఆచరణలో జరుగుతున్నది వేరు. ఈ రెండు ఫారాలపైనా కొనుగోలుదారు పేరు, తేదీ రాయకుండా ఖాళీగా వదిలి విక్రేత చేత సంతకాలు చేయించుకుంటున్నారు. వాడుకలో దీనినే ‘ఓపెన్ ట్రాన్స్‌ఫర్’ అంటున్నారు. ఆ కాగితాలతో బండి ఒకరి నుంచి మరొకరికి, అక్కడి నుంచి ఇంకొకరికి వెళ్తుంది. సి-బుక్కులో మాత్రం మొదటివాడే యజమాని.

ఇందులో బ్రోకర్ల లెక్క వారికుంది. ప్రతి బదిలీతో సి-బుక్కులో యజమానుల సంఖ్య ఒకటి పెరుగుతుంది. ‘ఫస్ట్ ఓనర్’ బండికి పలికే ధర ‘థర్డ్ ఓనర్’ బండికి పలకదు. నెల తిరగకుండా మరొకరికి అంటగట్టే బండికి పేరు మార్పించడం వారికి దండగ ఖర్చు. కొనుగోలుదారుదీ దాదాపు అదే ధోరణి. ‘కాగితాలు చేతిలో ఉన్నాయి కదా, ఎప్పుడైనా మార్పించుకోవచ్చు’ అన్న ధీమా. ఇంకో సంగతి కూడా ఉంది, బయటకు ఎవరూ చెప్పరు. పేరు మార్చుకుంటే తన రేషన్ కార్డుకూ, పింఛనుకూ ఎక్కడ ఎసరు వస్తుందోనన్న భయంతో బదిలీని వాయిదా వేసేవారున్నారు. కొన్నవాడు కాపాడుకుంటున్న పథకాన్ని అమ్మినవాడు పోగొట్టుకుంటున్నాడన్నమాట.

సంక్షేమ పథకాలకు అర్హత తేల్చడంలో భూమి, విద్యుత్ వినియోగం, ఆదాయపన్ను వంటి వాటితో పాటు నాలుగు చక్రాల సొంత వాహనాన్నీ రాష్ట్రంలో 2019 నుంచి ప్రమాణంగా తీసుకుంటున్నారు. ట్యాక్సీలు, ఆటోలు, ట్రాక్టర్లకు మినహాయింపు ఇచ్చారు. లక్ష రూపాయల విలువ చేయని పాత కారుకు మాత్రం మినహాయింపు లేదు. ఈ ప్రమాణం ఎంతవరకు సమంజసమన్నది వేరే చర్చ. అమ్మేసిన కారుకూ అదే కొలబద్ద వర్తించడమే ఇక్కడి విడ్డూరం. కంప్యూటరుకు తెలిసింది రిజిస్ట్రేషన్ ఒక్కటే.

తెలంగాణ వైపు మరో చిక్కు ఉంది. అక్కడ ఒకరి పేరిట ఇప్పటికే కారు ఉంటే, రెండోదానికి జీవితపన్ను 2 శాతం అదనంగా కట్టాలి. పాత కారు అమ్మి, పేరు మార్పు పట్టించుకోక కొత్త కారు కొనడానికి షోరూముకు వెళ్లినవారు అక్కడ ఈ సంగతి తెలిసి నివ్వెరపోతున్నారు.

ప్రమాదం జరిగితే..

పథకం పోతే ఏడాదికి కొన్ని వేలు. ప్రమాదం జరిగితే లక్షలు. ఉత్తరాదిన జరిగిన ఒక కేసు దీనికి నిదర్శనం. ఒక కారును దాని యజమాని 2007లో అమ్మేశారు. అది వరుసగా చేతులు మారింది. పేరు మాత్రం మారలేదు. 2009 మేలో ఆ కారు వెనుకకు వస్తూ ఢీకొనడంతో ఒక బాలుడు మరణించాడు. కారుకు బీమా లేదు. పరిహారం ఎవరివ్వాలన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018 ఫిబ్రవరిలో ‘నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్’ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రమాదం నాటికి రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని అనీ, బాధితులు చేతులు మారిన కొనుగోలుదారులందరి వెంటా పడనవసరం లేదనీ స్పష్టం చేసింది. బాధితుల పక్షాన చూస్తే ఇది న్యాయమైన తీర్పే. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులను ‘ముందు అసలు యజమానిని వెతుక్కోండి’ అనడం ఎక్కడి ధర్మం? ఆ బరువు మోయవలసింది మాత్రం రెండేళ్ల క్రితం కారు అమ్ముకున్న వ్యక్తి.

బీమా విషయంలోనూ అపోహలున్నాయి. వాహనం చేతులు మారినప్పుడు మూడో పక్షానికి జరిగే నష్టానికి సంబంధించిన బీమా కొత్త యజమానికి బదిలీ అయినట్లే 157వ సెక్షన్ పరిగణిస్తుంది. కారుకు జరిగిన సొంత నష్టం సంగతి అలా కాదు. పాలసీలో పేరు మార్పించుకోకపోతే కొనుగోలుదారు దానిని అడగలేరని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. పేరు మార్పునకు 14 రోజుల్లో బీమా సంస్థకు దరఖాస్తు చేయాలి. ‘బీమా ఇంకా ఆరు నెలలుంది’ అని బ్రోకరు చెప్పే మాటలో సగమే నిజమని గుర్తించాలి. విక్రేతకు క్లెయిములు లేనందుకు దక్కిన నో క్లెయిమ్ బోనస్ కూడా మనిషికి చెందినదే తప్ప బండికి చెందినది కాదు. అది కొన్నవారికి సంక్రమించదు. ధ్రువపత్రం తీసుకుంటే విక్రేత తన తదుపరి కారుకు వాడుకోవచ్చు.

సరిహద్దు కష్టాలు

2014 జూన్ 2కు ముందు ఖమ్మంలో కొన్న కారును తిరువూరులో నడుపుకోవడం ఒక జిల్లా నుంచి పక్క జిల్లాకు తెచ్చుకోవడమే. ఇప్పుడది రాష్ట్రాంతర వ్యవహారం. మధిర, కోదాడ, ఖమ్మం నుంచి చౌకగా వస్తున్నాయని కార్లు తెచ్చుకుంటున్నవారు ఫారం 28తో అక్కడి కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ఇక్కడ జీవితపన్ను కట్టాలి, కొత్త నంబరు పొందాలి. వేరే రాష్ట్రపు నంబరుతో 12 నెలలకు మించి ఉంచుకోరాదని 47వ సెక్షన్ చెబుతోంది. చౌకగా దొరికిందనుకున్న కారు పన్నుతో కలిపి చూస్తే ఇక్కడి ధరకే వచ్చి నిలుస్తోంది. అందువల్ల చాలామంది నంబరు మార్పు జోలికే పోవడం లేదు. డీజిల్ కార్లపై ఆంక్షల కారణంగా ఢిల్లీ నుంచి తరలివచ్చే బండ్లదీ ఇదే వరస.

సరిహద్దులో మరో ప్రమాదమూ ఉంది. 2019-24 మధ్య తెలంగాణ మద్యం అక్రమ రవాణా ముమ్మరంగా సాగిన కాలంలో జగ్గయ్యపేట సమీపంలోని గరికపాడు చెక్‌పోస్టు వద్ద కార్లు పట్టుబడటం నిత్యకృత్యమైంది. అక్రమ రవాణాకు సొంత పేరున్న కారును ఎవరు తెస్తారు? పట్టుబడిన బండి నంబరు ఆధారంగా పోలీసులు మొదట తలుపు తట్టేది రిజిస్టరైన యజమాని ఇంటిదే. అమ్మకపు పత్రం చూపగలిగినవాడు స్టేషను నుంచి త్వరగా బయటపడతాడు. లేనివాడు పని మానుకొని తిరగాల్సిందే.

వరదలో మునిగిన బండ్లు

పేరు మారని బండి విక్రేతకు శాపమైతే, చరిత్ర దాచిన బండి కొనుగోలుదారుకు శాపం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ముంచెత్తి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాల్లో వాహనాలు రోజుల తరబడి నీటిలో నానాయి. అదే సమయంలో మున్నేరు ఖమ్మం నగరాన్ని ముంచింది. మరమ్మతు ఖర్చు కారుకు కట్టిన బీమా విలువలో 75 శాతం దాటితే సంస్థలు దానిని పూర్తి నష్టం కింద లెక్కగడతాయి. అలా వదిలేసిన బండ్లన్నీ తుక్కుగా మారాయనుకుంటే పొరపాటు. శుభ్రం చేసి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి తక్కువ ధరకు అమ్మకానికి పెట్టే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఆటోనగర్ మెకానిక్కులు ఇటువంటి బండిని పట్టుకునే తీరు చూడదగినది. వారు ఇంజను జోలికి ముందుగా పోరు. సీటు బెల్టును చివరిదాకా బయటకు లాగుతారు. లోపల చుట్టి ఉండే భాగాన్ని ఎవరూ కడగరు కనుక నీటి మరక అక్కడ గీతలా మిగిలిపోతుంది. తరువాత కార్పెట్ ఎత్తి కింద ఒండ్రుమట్టి ఉందేమో తడుముతారు. సీటు జరిగే పట్టాలకు తుప్పు, హెడ్‌లైట్ల లోపల చెమ్మ, డిక్కీలో స్టెప్నీ గుంట అడుగున ఇసుక చూస్తారు. విద్యుత్ తీగల్లోకి చేరిన తేమ ఆరు నెలలకో ఏడాదికో బయటపడుతుంది. అప్పటికి అమ్మినవాడు ఫోనెత్తడు.

మీటరు తిప్పడం అన్నింటికంటే పాత విద్య. 1.40 లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి 60 వేలు చూపుతుంది. అంకెను తిప్పగలరు గానీ అరిగిన క్లచ్ పెడల్ రబ్బరును, నునుపు తేలిన స్టీరింగును వెనక్కి తిప్పలేరు. టైరుపై ఉండే నాలుగంకెల సంఖ్య అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతుంది. తక్కువ తిరిగిందన్న బండికి టైర్లు రెండోసారి మార్చి ఉంటే అనుమానించాల్సిందే. కంపెనీ సర్వీసు కేంద్రంలో పాత సర్వీసుల వివరాలు అడిగి చూసుకోవడం మంచిది. ఒక చిన్న ఫోనుతో తేలే పనిని వదిలిపెట్టి, ‘డాక్టరు గారు వాడిన బండి’ అన్న మాటకే మురిసిపోయి బయానా ఇచ్చేవారిని ఏమనాలి?

ఉన్న దారులు

పాత వాహనాల వ్యాపారులకు రిజిస్టరింగ్ అధికారి నుంచి అధికార ధ్రువపత్రం ఉండాలని కేంద్రం 2022 డిసెంబరులో నిబంధనలు సవరించింది. ఇవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అటువంటి వ్యాపారికి కారు అప్పగించి ఆ సమాచారాన్ని ఫారం 29సి ద్వారా ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే, ఆపై బండికి వ్యాపారే యజమానిగా పరిగణన పొందుతాడు. విక్రేతకు ఇంతకంటే రక్షణ లేదు. కానీ మన పట్టణాల్లో ‘ఆటో కన్సల్టెన్సీ’ బోర్డు చూసి లోపలికి వెళ్లేవారిలో ఆ ధ్రువపత్రం చూపమని అడిగేవారు అరుదు. ఈ నిబంధన ఒకటుందని చెప్పే పోస్టరు కూడా ఎక్కడా కనిపించదు. రవాణా శాఖ ఇక్కడ చేయవలసిన పని చాలా ఉంది.

వ్యక్తికి నేరుగా అమ్మేటప్పుడు ఖాళీ ఫారాలపై సంతకం చేయకపోవడం మొదటి జాగ్రత్త. కొన్నవారి ఆధార్ నకలు, చిరునామా, తేదీతో పాటు డెలివరీ ఇచ్చిన సమయం కూడా రాసిన అమ్మకపు పత్రం ఉంచుకోవాలి. డబ్బులో కొంత భాగాన్ని పేరు మార్పు పూర్తయ్యాక తీసుకునే ఒప్పందం కొన్నిచోట్ల చేసుకుంటున్నారు. ఇది అన్నింటికంటే పనిచేసే ఉపాయం. ఫైనాన్స్ ఉన్న కారైతే బాకీ తీరినట్లు సంస్థ ఇచ్చే పత్రంతో, ఫారం 35తో రికార్డులో ఆ పద్దు తొలగించాకే బదిలీ జరుగుతుంది. వాయిదాలు కట్టేశాం కదా అని చాలామంది ఈ పని మరచిపోతున్నారు.

ఎప్పుడో అమ్మేసి ఇప్పుడు ఇబ్బంది పడుతున్నవారి మార్గం ఇంత సులువు కాదు. కొనుగోలుదారు దొరికితే ఆయన చేత ఫారం 30 వేయించాలి. దొరకకపోతే ఉన్న ఆధారాలతో రిజిస్టరింగ్ అధికారికి, పోలీసులకు రాతపూర్వకంగా తెలియజేసి రసీదు దగ్గర ఉంచుకోవాలి. దీనితో పేరు తొలగిపోదు, కోర్టులో బాధ్యతా పూర్తిగా తీరదు. అమ్మకం నిజమని చెప్పడానికి ఒక కాగితం మాత్రం మిగులుతుంది.

కంచికచర్ల మండలపు కౌలు రైతు ప్రస్తుతం ఈ దశలోనే ఉన్నారు. మధ్యవర్తి ఫోను నంబరు మారిపోయింది. ఆయన వద్ద ఉన్నది తెల్ల కాగితంపై రాసుకున్న ఒక రసీదు మాత్రమే. అందులో కొన్నవారి ఊరు కోదాడ అని ఉంది, ఇంటిపేరు లేదు. కారు ఇంకా తిరుగుతోందని ఆయనకు తెలిసేది చలానాల ద్వారానే. అతివేగానికి, సీటు బెల్టు పెట్టుకోనందుకు తెలంగాణ పోలీసులు వేసిన జరిమానాల సందేశాలు ఆయన ఫోనుకే వస్తున్నాయి. చివరగా వచ్చిన చలానా ఫొటోలో కారు ఎడమ తలుపు వేరే రంగులో ఉంది. ఎక్కడో గుద్దించి ఉంటారని, అవతలివారికి ఏమైందోనని ఆయన ఆ ఫొటోను పెద్దది చేసి చూస్తూ అన్నారు.