సముద్రములోని చేపలను లెక్కించుట

కంటికి కనబడని దానిని లెక్కించుట యెట్లని మన విద్యార్థులలో కొంద రడుగుచుందురు. నీటిలోని చేపలగుంపును ధ్వనిచే కొలుచు సోనారు యంత్రమే దీనికి చక్కని యుత్తరము. అయితే ఆ లెక్క దేనికి వినియోగపడవలెనను విషయమే మిక్కిలి ముఖ్యమని మేము తలంచుచున్నాము.

ఓడ యడుగునుండి పంపిన ధ్వని సముద్రజలములో సెకనునకు రమారమి 1500 మీటర్లు పోవును. అది చేపలను తాకి తిరిగివచ్చుటకు సెకనులో అయిదవవంతు పట్టినచో, అవి 150 మీటర్ల లోతున నున్నవని తెలియును. లోఫోటెన్ దీవులకడ కాడ్ చేపల గుంపులు ఇట్టి యంత్రపు కాగితముపై గీతలుగా పడుటను 1935వ సంవత్సరమున ఆస్కార్ సుండ్ అను నార్వే శాస్త్రజ్ఞుడు ప్రకటించెను.

ధాన్యపురాశిలోని గింజలను ఎవరును ఒక్కొక్కటిగా నెంచరు. ఒక సోలెడు గింజలను లెక్కించి, రాశి యెన్ని సోల లగునో కొలిచిన చాలును. అట్లే ఒక చేప యిచ్చు ప్రతిధ్వని యెంతయో తెలిసినచో, గుంపంతయు నిచ్చు ప్రతిధ్వనిని దానిచే భాగింపగా సంఖ్య వచ్చును.

కాని చేప గింజవంటిది కాదు. పెక్కు చేపలలో ప్రతిధ్వని అధికభాగము కడుపులోని గాలితిత్తినుండియే వచ్చును. అట్లాంటిక్ మాకెరెల్ చేపకు ఆ తిత్తి లేదు గనుక, గుంపు పెద్దదైనను ప్రతిధ్వని స్వల్పము. చేప తల వంచి యీదినను ప్రతిధ్వని మారును. అందుచేత శాస్త్రజ్ఞులు ప్రతిధ్వనిబలము ముందే తెలిసిన లోహపుగుండును ఓడ క్రింద వ్రేలాడదీసి యంత్రమును సరిచూతురు. నడుమ నడుమ వల వేసి, చేపల జాతిని, పొడవును పరీక్షింతురు.

ఈ యంత్రము వేటగానికిని, లెక్క వ్రాయువానికిని ఒక్కటే. 1960 దశకమున నార్వే హెర్రింగు చేపలను సోనారుతో వెదకి, యంత్రములచే లాగు పెద్దవలలతో పట్టిరి. దశకాంతమునకు ఆ సంపద యించుమించు నశించెను. కోలుకొనుటకు సుమారు ఇరువదియేండ్లు పట్టెను. ఆ ధ్వనివిద్యయే మేలునుగూడ చేసెను. బారెంట్సు సముద్రములోని కాపెలిన్ చేపలను 1972 నుండి ఏటేట ధ్వనిచే లెక్కించుచున్నారు. అవి మిక్కిలి తగ్గినందున 1987 మొదలు 1990 వరకు వేటను నిలిపివేసిరి.

లెక్కలో పొరపాటుండును గదా, దానిని నమ్మి జాలరి నోటికూడు నేల యాపవలెనని కొందరందురు. ఆ మాట త్రోసివేయదగినది కాదు. వేట నిలిచిననాడు పస్తుండువాడు జాలరియే. కాని చేపలు నశించిన పిమ్మట తానై నిలిచిపోవు వేట యెన్నేండ్లకు తిరిగి సాగునో యెవరు చెప్పగలరు? కావున సంఖ్యతోపాటు అందలి సందేహమునుగూడ దాచక చెప్పవలెను. సందేహ మధికమైనకొలది తక్కువ పట్టవలెను. వేట నిలిచిన దినములలో జాలరి కుటుంబమును ప్రభుత్వ మాదుకొనవలెను.

భాగహారము నేర్చుకొను మన బాలబాలికలు దీనిని గుర్తుంచుకొందురు గాక. గుంపు కనబడినంతనే వల వేయువానికంటె, గుంపును లెక్కించి రేపటికై కొంత విడిచిపెట్టువాడే వివేకి యని మా దృఢాభిప్రాయము.