షార్ట్‌కట్ తర్వాత.. ముందు లెక్క చేయండి!

బాసర అనగానే అక్షరాభ్యాసం గుర్తొస్తుంది. 2008 నుంచి ఆ ఊరికి ఇంకో గుర్తింపు కూడా వచ్చింది.. ఆర్జీయూకేటీ. పల్లెల్లోని సర్కారు బడుల్లో పది పూర్తిచేసిన ఎంతోమంది అక్కడ ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్‌లో చేరుతుంటారు. అక్కడైనా, కరీంనగర్, ఆదిలాబాద్ కాలేజీల్లోనైనా ఫైనలియర్ రాగానే అందరి దృష్టీ కోడింగ్, ప్రాజెక్టుల మీదే. కానీ చాలా కంపెనీల్లో ముందు దాటాల్సింది ఆప్టిట్యూడ్ టెస్ట్. అందులో అడిగేవి రైలు, వంతెన, నీళ్ల ట్యాంకు లెక్కలు. అంటే ఎనిమిది నుంచి పదో తరగతి వరకు మనం చదివినవే. రైల్వే, ఎస్‌ఎస్‌సీ పరీక్షల్లోనూ ఇవి తప్పవు.

మరి తెలిసిన లెక్కల దగ్గరే ఎందుకు ఆగిపోతున్నాం? లెక్క చేయడం మానేసి షార్ట్‌కట్‌లు బట్టీ పడుతున్నాం కాబట్టి. ఇది నా గట్టి అభిప్రాయం.

ఒక్క మాటతో జవాబు మారుతుంది

120 కిలోమీటర్ల దూరం గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్లి, 40 కి.మీ. వేగంతో తిరిగొచ్చారు. సగటు వేగం ఎంత? 50 అని టిక్ పెట్టేస్తాం. వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు. మొత్తం 240 కిలోమీటర్లు, 5 గంటలు. జవాబు 48. దీనికో షార్ట్‌కట్ సూత్రం ఉంది. కానీ అది రెండు దూరాలు సమానమైతేనే పనిచేస్తుంది. 'సగం సమయం 60తో, సగం సమయం 40తో' అని అడిగితే జవాబు 50. సూత్రం మాత్రమే తెలిసినవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు. మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించాలని తెలిసినవాళ్లకు రెండూ ఒక్కటే.

బాసర దగ్గర రైలు గోదావరి వంతెన దాటుతుంది కదా, అదే ఊహించుకోండి. లెక్క కోసం రైలు పొడవు 300 మీటర్లు, వంతెన 600 మీటర్లు, వేగం గంటకు 72 కి.మీ. అనుకుందాం. అంటే సెకనుకు 20 మీటర్లు. వంతెన పొడవే తీసుకుంటే 30 సెకన్లు వస్తుంది. కానీ చివరి బోగీ కూడా దాటాలి. అందుకే దూరం 900 మీటర్లు, జవాబు 45 సెకన్లు. ఆప్షన్లలో 30 కూడా పెట్టి ఉంచుతారు, జాగ్రత్త! కాగితంపై రెండు గీతలు గీస్తే చాలు, ఈ తప్పు జరగదు.

కాగితం చుట్టి చూడండి

ఘనపరిమాణం అంటే భయమా? రెండు ఏ4 కాగితాలు తీసుకోండి. ఒకదాన్ని పొడవుగా సన్నగా, ఇంకోదాన్ని పొట్టిగా లావుగా గొట్టంలా చుట్టండి. కాగితం ఒకటే, కాబట్టి వక్రతల వైశాల్యం ఒకటే. మరి బియ్యం పోస్తే దేనిలో ఎక్కువ పడతాయి? పొట్టిదానిలోనే, దాదాపు 41 శాతం ఎక్కువ. ఎందుకంటే స్థూపం ఘనపరిమాణంలో వ్యాసార్థం రెండుసార్లు గుణింపబడుతుంది, ఎత్తు ఒక్కసారే. ఈ ఒక్క విషయం ఒంటబడితే 'వ్యాసార్థం రెట్టింపైతే నీళ్లు ఎన్ని రెట్లు?' అన్న ప్రశ్నకు పెన్ను కూడా అక్కర్లేదు. నాలుగు రెట్లు!

'ప్రశ్నకు నిమిషమే ఉంటుంది, ఇంత ఆలోచించే టైమ్ ఎక్కడిది?' అంటారు. నిజమే. ఆలోచన ఇంటి దగ్గర జరగాలి, వేగం పరీక్ష హాల్లో కనిపించాలి. ఒకే రకం లెక్క ఇరవైసార్లు చేస్తే షార్ట్‌కట్ మీకే దొరుకుతుంది. అలా దొరికింది మరిచిపోరు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంకో మాట. చాలాసార్లు తడబడేది లెక్క దగ్గర కాదు, ఇంగ్లిష్ వాక్యం దగ్గర. ప్రశ్నను మనసులో తెలుగులో చెప్పుకోండి, తప్పేం లేదు. మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన శతాబ్దాల క్రితమే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో లెక్క ఆలోచించడం మనకు కొత్తేం కాదు.

కోచింగ్‌కు వేలు పెట్టలేని ఇళ్ల పిల్లలు ఏళ్లపాటు పడ్డ కష్టం గంటన్నర పరీక్షలో ఆగిపోకూడదు. పాత 8, 9, 10 తరగతుల గణితం పుస్తకాలు తమ్ముడి దగ్గరో, ఊళ్లో బడిలోనో దొరుకుతాయి. నెల రోజులు, రోజుకు పది లెక్కలు. బొమ్మ గీయండి, ప్రమాణాలు రాయండి, చివర్లో జవాబు సబబుగా ఉందో లేదో చూసుకోండి. షార్ట్‌కట్ వీడియోలు ఆ తర్వాత చూద్దురు గానీ!